కొత్త నెంబరు

రేపల్లె,
18 ఫిబ్రవరి 2025, మంగళవారం.

గౌరవనీయులైన ఉషశ్రీ అక్కకు,

ఏంజెల్ నమస్కరించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ అమ్మా నాన్నా బాగున్నాం. మీరూ గౌతమ్ బావగారూ కులాసా అని తలుస్తాను. వీణకి జలుబు తగ్గిందా? పాలలో మిరియాల పొడి వేస్తే ఊసేస్తుంది, తేనెలో కలిపి నాలుక మీద రాస్తే ఊరుకుంటుంది.

నా ఫోన్ పోలీసుల దగ్గర ఉంది. మీరు చేసినా కలిసి ఉండదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆదివారం మీ తమ్ముడు రాజీవ్ గారిని రేపల్లె పోలీసులు పట్టుకెళ్లిన సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా వల్ల మీ పుట్టింటికి మాట వచ్చింది. నన్ను క్షమించండి అక్కా. జరిగింది నా నోటితో మీకు చెప్పకుండా, పాపను చూసుకునే పని మానేసి వచ్చేశాను. ఇప్పుడైనా చెప్పాలి.

ఫోన్లు సంక్రాంతి అయ్యాక మొదలైనట్టు మీకు తెలుసు. మీరు కాలేజీకి వెళ్లిన గంటకల్లా వచ్చేవి. ఎవరో గొంతు బొంగురు చేసి, పాపకి పప్పన్నం పెట్టావా అని అడిగేవాడు. ఒకరోజు, పసుపు చున్నీ బాగుంది, ఇంకోసారి బాల్కనీలోకి రా అన్నాడు. మూడో అంతస్తులో నేనూ పాపా తప్ప ఎవరూ లేరు. తలుపులన్నీ వేసి, పాపను ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం మీరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. మీరు నా తల నిమిరి, పిచ్చిదానా, పనీపాటా లేనివాడెవడో అయి ఉంటాడు అన్నారు. మర్నాడే మీ పేరు మీద కొత్త సిమ్ కొనిపెట్టారు. ఆ నెంబరు మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు.

నాలుగో రోజు ఆ నెంబరుకే చేశాడు. కొత్త నెంబరు కలిసొచ్చిందా అని నవ్వాడు.

అప్పుడే రాజీవ్ గారు బాపట్ల నుంచి తరచుగా రావడం మొదలుపెట్టారు. నేనున్నాగా చెల్లెమ్మా, నువ్వు భయపడకు అన్నారు. సాయంత్రం కారులో తెనాలి స్టేషన్ దాకా దింపి, రేపల్లె రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడేవారు. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే, ఆడపిల్ల పేరు బయటపడితే రేపు పెళ్లికి అడ్డమొస్తుంది, నేను చూసుకుంటాగా అన్నారు. నాకు అన్న లేడు. ఉంటే ఇలాగే ఉండేవాడు అనుకున్నాను. నా భయాలన్నీ ఆయనకే చెప్పేదాన్ని. నాకేమైనా ఫరవాలేదండి, పాపకేదైనా అవుతుందేమోనని నా భయం అన్నాను ఒకసారి. మర్నాడు ఫోన్లో వాడు, పాపకేదైనా అవుతుందని భయమా అన్నాడు. అప్పుడైనా నాకు తట్టలేదు. ఆయన మీద అంత నమ్మకం.

ఫిబ్రవరి ఆరున, పదకొండు గంటలప్పుడు బెల్లు మోగింది. తీస్తే ఎవరూ లేరు. గుమ్మంలో ఒక కవరు ఉంది. అందులో గాజులు, ఒక ఫోటో. మీ మంచం మీద పాప పక్కన నేను నిద్రపోతున్న ఫోటో. ఇంట్లో నిలబడి తీసింది అక్కా. గబగబా తలుపు మూసి, పాపను చంకనేసుకుని బాత్రూంలోకి దూరి గడియ పెట్టాను. ఫోన్ మోగింది. చంకలో పాపతో తియ్యబోతే స్పీకరు నొక్కుకుపోయింది. గడియ పడిన చప్పుడు విన్నాను, ఎంతసేపు కూర్చుంటావు అన్నాడు.

వీణ కిలకిలా నవ్వి, ఫోన్ మీద చెయ్యి వేసి, మామ, మామ అంది.

ఫోన్ పెట్టేశాడు. రెండేళ్ల పిల్లకి గొంతు మార్చినా తెలిసిపోయింది. నేనే మూడు వారాలు తెలుసుకోలేకపోయాను. కాసేపటికి బాత్రూం తలుపు బయట రాజీవ్ గారు, ఏమైంది చెల్లెమ్మా, లోపల ఎందుకున్నావు అని అడిగారు. మీ ఇంటి తాళంచెవి ఆయన దగ్గర ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పాపకి స్నానం చేయిస్తున్నానండి అన్నాను. నీళ్లు తిప్పి, పాప తల తడిపి బయటికి వచ్చాను. పాపకి ఎండ చూపిస్తానని చెప్పి, కింద కోటేశ్వరమ్మ గారింట్లో కూర్చుని మీరు వచ్చేదాకా కదల్లేదు.

మీతో అమ్మకి బాగాలేదని చెప్పి వచ్చేశాను. అది అబద్ధం. సొంత తమ్ముడి గురించి అక్కకి ఎలా చెప్పను? మీ మనసు విరిగిపోతుందనుకున్నాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యి గుడి నుంచి వచ్చేసరికి ఆయన మా ఇంట్లో కూర్చుని ఉన్నారు. మీరే పంపారనీ, నన్ను తీసుకెళ్లడానికి వచ్చాననీ చెబుతున్నారు. మా నాన్న సీమోను పాపం కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. నేను గడపలోనే నిలబడి, ఆఖరిసారి ఫోన్ వచ్చిన నెంబరుకి తిరిగి చేశాను. ఆయన ప్యాంటు జేబులో రెండో ఫోన్ మోగింది. ఈయనే నాన్నా అన్నాను. గుడి నుంచి వస్తున్నవాళ్లంతా గుమ్మం దగ్గరే ఉన్నారు. ఆయన్ని కదలనివ్వలేదు.

ఇదీ అక్కా జరిగింది. మీ దుఃఖం నాకు తెలుసు. ఆయన్ని నేను అన్న అనుకున్నాను, మీరు మీ చేతులతో పెంచారు. మనిద్దరినీ మోసం చేశాడు.

పాపకి నా ముద్దులు.

మీ చెల్లెలు,
ఏంజెల్

తా.క. 19, బుధవారం. కవరు ఇంకా అంటించలేదు. పొద్దున స్టేషన్‌కి రమ్మంటే నాన్నతో వెళ్లాను. కానిస్టేబుల్ లక్ష్మీదుర్గ గారు రాజీవ్ గారి ఫోన్లోని మెసేజీ ఒకటి చూపించి, ఇందులో ఉన్నది నీ కొత్త నెంబరేనా అమ్మా అని అడిగారు. అవునండి అన్నాను. పంపింది మీరు. సిమ్ కొనిచ్చిన సాయంత్రమే, నేను రైలు దిగకముందే పంపారు. దాని కింద మీరు రాసింది నేను మూడుసార్లు చదివాను. ఫోన్ల వరకే ఉండు, మళ్లీ బాపట్లలో ఆ అమ్మాయికి చేసినట్టు చెయ్యకు, ఈ పిల్లయితే గొడవ చెయ్యదు, పని మానేస్తే నాకు పాపను చూసేవాళ్లు లేరు అని ఉంది.

పైన క్షమించమని అడిగిన వాక్యం కొట్టేశాను, చూస్తారు. మీ పేరు కూడా చెప్పి కాగితం మీద సంతకం పెట్టాను. బాపట్ల అమ్మాయి ఎవరో నాకు తెలియదు. వెతుకుతామని కానిస్టేబుల్ గారు అన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకుంటే కోర్టుకి ఇద్దరం కలిసి వస్తాం.