కుర్చీలు అడగడానికి వెళ్ళి

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అంటే, మీ అల్లుడూ పిల్లా బాగున్నారు. నా సంగతి కింద రాస్తాను. ముందే కంగారుపడి చేతిలో కత్తెర జారవిడుచుకోకు. కుట్టుదుకాణంలో నీకు సాయానికి ఎవరైనా దొరికారో లేదో రాయనేలేదు.

అక్షరాలు కోడి గీకినట్టున్నాయేమని అడిగావు. పొద్దున పూట వేళ్ళు ముడుచుకోవమ్మా. కీళ్ళవాతం వచ్చి ఆరేళ్ళయినా నీ దృష్టిలో అదింకా చలికి వచ్చిన నొప్పే. పది దాటాక వేళ్ళు కాస్త మాట వింటాయి, అప్పుడే రాస్తున్నాను. అల్లుడు వంట చేస్తున్నాడా అనీ అడిగావు. చేస్తున్నాడు. ఉప్పు వేశానో లేదోనని రెండోసారి కూడా వేస్తున్నాడు. నోరెత్తకుండా తింటున్నాం.

ఇక, "నీ ఒళ్ళే నీ మాట వినడం లేదు, ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ నెత్తినేసుకుంటావెందుకే?" అన్నావు కదా. అది చదివి రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. ఆసుపత్రిలో మందుల కౌంటర్ ముందు మాలాంటివాళ్ళం మూడేసి గంటలు నిలబడాలి. నిలబడలేని జబ్బుకి మందు నిలబడి తీసుకోవాలన్నమాట! పది కుర్చీలు, మనిషికో టోకెన్, మేమడిగేది అంతే. రోగుల తరఫున వాలంటీర్‌గా ఎనిమిది నెలల్లో పదకొండు అర్జీలు రాశాను. ఒకటి పోయిందన్నారు. ఇంకోటి వేరే విభాగానికి వెళ్ళిందన్నారు. ఒకదాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు, కళ్ళారా చూశాను. విసుగొచ్చి నాలుగుసార్లు మానేశాను. మందుల వరసలో మాతో నిలబడే ఒక రిటైరైన బస్సు డ్రైవర్ ఉన్నాడు, అందరం బాబాయ్ అంటాం. మానేసినప్పుడల్లా ఫోన్ చేసి "ఏమ్మా, బతికే ఉన్నావా?" అంటాడు. మళ్ళీ వెళ్తాను. నా పట్టుదల అంటే అంతేనమ్మా, అంతకుమించి ఏమీ లేదు.

చివరికి పోయిన గురువారం సూపరింటెండెంట్ గారు పిలిచారు. నీకు చెప్పకుండా దాచింది ఇదే. మావాళ్ళందరికీ నేను మొదట చెప్పేది ఒకటే: అధికారుల ముందు నొప్పి దాచుకోకండి, ఉన్నది ఉన్నట్టు చూడనివ్వండి. మరి నేనేం చేశాను? ముందురోజు నుంచే మాత్రలు రెట్టింపు వేసుకున్నాను. నువ్వు కుట్టి పంపిన నీలం జాకెట్ తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, చేతికర్ర ఇంట్లో వదిలేసి వెళ్ళాను. ఆయన "కూర్చోండమ్మా" అన్నారు. "పర్లేదండీ" అన్నాను! నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. గంటసేపు నిలబడి గడగడా మాట్లాడాను.

అంతా విని ఆయన నవ్వారు. "మీకూ అదే జబ్బంటున్నారు. గంట నుంచి చూస్తున్నా, హాయిగా నిలబడ్డారుగా. ఇంక కుర్చీలెందుకమ్మా?" అని ఫైలు మూసేశారు.

బయట మెట్ల మీద బాబాయ్ కాచుకుని ఉన్నాడు. "వాయిదా వేశారు" అని అబద్ధమాడాను. సోమవారం బాబాయ్ వరసలోనే కూలబడ్డాడు. మోకాలు చిట్లింది. కట్టు కట్టించుకుంటూ కూడా "వాయిదా ఎప్పటికమ్మా?" అని అడిగాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ మీద కోపమొచ్చిందమ్మా. జ్వరంతో కాలిపోతూ బల్ల ముందు నిలబడి బట్ట కత్తిరిస్తూ "నలుగురి ముందు నీరసంగా కనపడకూడదే" అన్నది నువ్వు కాదూ? ఆ తర్వాత నా మీద వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

నిన్న బాబాయ్‌కి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. మోకాలి కట్టు సర్దుకుంటూ, "నేనైనా అదే చేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళు నడుం నొప్పితో బస్సు నడిపా, ఒక్కడికీ చెప్పలేదు. సరే, పన్నెండోది రాయి. ఈసారి నేనూ వస్తా" అన్నాడు.

వచ్చే బుధవారం ఇద్దరం వెళ్తున్నాం. కర్ర తీసుకెళ్తాను. కూర్చోమంటే కూర్చుంటాను, అనకపోయినా కూర్చుంటాను. అనుకున్నంత తేలిక కాదు, ఇప్పట్నుంచే సిగ్గుగా ఉంది.

నీ మోకాళ్ళ వాపు సంగతి తమ్ముడు చెప్పాడు. ఈ ఉత్తరం కూడా బల్ల దగ్గర నిలబడే చదువుతూ ఉంటావు. కూర్చో అమ్మా. నువ్వు కూర్చున్నావని తెలిస్తే ఆ రోజు నేనూ కూర్చోగలను.

ఇట్లు,
నొప్పిగా ఉందని నీకు మొదటిసారి రాస్తున్న
నీ చిన్నది