బావకు రాబోయే ఫోన్

బెంగళూరు
ఆదివారం

ప్రియమైన నాగమ్మక్కకు తమ్ముడు ఓబులేసు నమస్కారాలు.

పైన దేవుడి పేరు లేదని కోపగించుకోకు. నలభై మూడేళ్లు వచ్చినా ఎన్నడూ రాయనివాణ్ణి, ఇప్పుడు రాస్తే నువ్వే భయపడతావు. నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? గొర్రెలు మేతకు ఎంత దూరం పోతున్నాయి? బలసముద్రంలో ఒక్క వానైనా పడిందా? ఇక్కడ రోజూ తుంపరే.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. గదిలో ఇంకో నలుగురున్నారు, నా సగం వయసువాళ్లు, నన్ను అంకుల్ అంటారు. వాళ్ల ముందు ఈ మాట నోట రాదు. మెస్సులో తెల్లన్నం, నీళ్ల సాంబారు. సంగటి ముద్ద కోసం ప్రాణం లాగుతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే శెనక్కాయల పొడి పంపు. ఆరోగ్యం బాగానే ఉంది, దిగులుపడకు.

కోడింగ్ ఎవరైనా నేర్చుకోవచ్చని నేను చేరిన కోర్సు ప్రకటనల్లో చెప్పింది అబద్ధం కాదు. నేర్చుకున్నాను. చిన్న ప్రోగ్రాములు రాస్తున్నాను, తప్పొస్తే నేనే పట్టుకుంటున్నాను. అబద్ధమంతా ఆ తర్వాత ఉంది. కొత్తవాళ్లు కావాలంటే కంపెనీలు కుర్రవాళ్లనే తీసుకుంటాయి. నా వయసువాడు అనుభవం చూపాలి. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడిది? మన చేలలో పెట్టిన సోలార్ పార్కులో పుట్టిన కరెంటు ఈ ఊళ్లోకి నేరుగా వచ్చేస్తుంది. ఆ చేలు కౌలుకిచ్చిన మనుషులు మాత్రం గేటు దగ్గర ఆగాలి. దీన్ని అభివృద్ధి అనేవాడితో ఇప్పటికీ పోట్లాడతాను.

ఆ పార్కు కంట్రోల్ రూములో బావ కింద మూడేళ్లు రీడింగులు రిజిస్టరులో రాశాను కదా. కోర్సు చెప్పే చోట ఇన్‌చార్జి, మడకశిర వైపువాడు, నా బయోడేటాలో దాన్ని సోలార్ ప్యానెళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసినట్టు మార్చాడు. ఒప్పుకోనన్నాను. ఇది మోసమని, ఈ వ్యవస్థే మోసమని అరగంట వాదించాను. అతను ఓపిగ్గా విన్నాడు.

“నువ్వు జెప్పేది నిజమేప్పా. ఇరవై ఏండ్లు ఏం చేసినావని ఆడ అడిగితే ఏం జెప్తావు? కరపత్రాలు రాసినానంటావా?”

నా మార్క్స్ కార్డులు ఇచ్చేయండి, పోతానన్నాను. ఉద్యోగంలో చేరేదాకా ఇవ్వరట. నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఆ మాట ఉందట, చూపించాడు. అక్కా, పార్కుకు భూములు కౌలుకు రాసిచ్చేటప్పుడు ఒరిజినల్ పత్రాలు చేతికివ్వకండి, జెరాక్సులే ఇవ్వండని వెంకటమ్మనహళ్లి దాకా తిరిగి అరిచింది నేనే. చదవకుండా సంతకం పెట్టాడని బావతో ఏడాది మాట్లాడలేదు. ఇక్కడ అడిగిన రోజే ఎస్సెస్సెల్సీ నుంచి డిగ్రీ దాకా అన్నీ కవరులో పెట్టి అప్పజెప్పాను. చదువుకున్నవాళ్ల ఆఫీసు కదా అనుకున్నాను.

చివరికి మంగళవారం ఆ మార్చిన బయోడేటాతోనే ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు పోయాను. తడబడతాననుకున్నాను. తడబడలేదు. వేదికల మీద మాట్లాడిన అలవాటు అక్కడ పనికొచ్చింది. నేను రాయని సాఫ్ట్‌వేర్ గురించి, ప్యానెళ్ల మీద దుమ్ము పడితే అది ఎలా హెచ్చరిస్తుందో కూడా చెప్పాను. తలలూపారు. తీసుకుంటామన్నారు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుంటే మూడు బస్సులు పోయాయి.

బయోడేటాలో నా పైఅధికారిగా బావ నంబరే ఉంది, వచ్చే వారం వాళ్లు బావకు ఫోన్ చేస్తారు. ఓబులేసు మీ దగ్గర సాఫ్ట్‌వేర్ రాశాడా అని అడుగుతారు. అవునంటే, పైవాళ్లకు తెలిసిన రోజు బావ పని పోతుంది. కాదంటే నాకొచ్చింది పోతుంది, కార్డులూ రావు. బావ తనంతట తాను అబద్ధమాడడు. నీ ముఖం చూసి ఆడతాడేమోనని నా భయం.

అవునని చెప్పించమని నిన్ను అడగలేను. కాదని చెప్పమనే ధైర్యమూ లేదు. భూముల సంగతిలో నోరు విప్పలేదని ఊరందరినీ పేరుపేరునా తిట్టినవాణ్ణి. అక్కా, కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తొద్దని బావకు చెప్పు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లల్ని అడిగానని చెప్పు. నన్ను దీవించు, ఎందుకని మాత్రం అడగకు.

నీ తమ్ముడు
ఓబులేసు