సంత కిటికీ

ప్రియమైన ప్రసూనా,

ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు కదా, అందుకే కాగితం అందుకున్నాను. ఇక్కడ నువ్వు అడ్డుపడే వీల్లేదు. వచ్చే నెల కౌన్సిల్లో మన పాత కచేరీని కూలగొట్టే తీర్మానం పెడుతున్నాను. చైర్‌పర్సన్‌గా నా మొదటి పెద్ద పని ఇదే. నిజాం కాలం నాటి మున్సిపల్ కచేరీ, తొంభై ఏళ్ల చరిత్ర అంటూ నువ్వు మొదలుపెట్టకు. ఆ చరిత్ర ఏందో మా తండాను అడుగు.

మా నానమ్మ జమ్లి దమ్మపేట వైపు అడవి నుంచి చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు వచ్చేది. సంత పన్ను రసీదు కోసం కచేరీ పక్కగోడ కిటికీ కింద ఎండలో నిలబడాలి. ముందు మెట్లెక్కితే జవాను కర్ర లేపేవాడు. కిటికీ లోపల కుర్చీలో రసీదులు రాస్తూ మీ తాతయ్య వెంకటరామారావు గారు. మంచాయనే, ఎన్నడూ కసురుకోలేదట. లోపలికి రమ్మని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడు ఆ గది నాది, సంత రసీదులు మాత్రం ఇంకా ఆ కిటికీలోంచే. ఆ కిటికీ గోడను దగ్గరుండి పడగొట్టిస్తా, చూస్తూ ఉండు.

నీ మొండి స్నేహితురాలు,
ఉషారాణి

* * *

ప్రియమైన మొండిఘటమా,

మా తాతయ్య తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. రమ్మనకపోవడం తప్పే.

కానీ నేను హైదరాబాదులో రోజూ పాత కట్టడాలు బాగుచేయించే ఇంజనీర్ని. గోడల సంగతి నా దగ్గర విను. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, మూరెడు మందం. దూలాలు భద్రాచలం అడవి టేకు. కప్పు కింద వరుసగా గుండ్రటి కన్నాలున్నాయి చూశావా, వేడిగాలి వాటిలోంచే బయటికి పోతుంది. మే నెలలో నీ గది చల్లగా ఉండేది అందుకే, నీ ఏసీ గొప్ప కాదు. గోడలు చెమ్మ పట్టాయని కదా మీ ఇంజనీరు కూల్చమంటున్నాడు? ఎవరో తెలివిగలవాళ్లు సున్నం గోడ మీద సిమెంటు పూసి తడిని లోపలే బంధించారు. ఆ సిమెంటు గీకించు, గోడ తనంతట తనే ఆరుతుంది. ఇంకో వందేళ్లు నిలబడుతుంది.

ఒక్కటే అడుగుతా. నానమ్మ కోసమే కూలగొడుతున్నానంటున్నావు. నానమ్మను అడిగావా?

నీ
ప్రసూన

* * *

ప్రియమైన ప్రసూనా,

గెలిచానని మురిసిపోకు. అడిగాను.

తండాలో ఇంటి ముందు కూర్చుని పెసలు చెరుగుతోంది. తను నిలబడిన కిటికీ కూలిపోతోందని గొప్పగా చెప్పాను. చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

“లోపల ఎట్లుంటదో నేను ఇంతవరకు చూడనే లేదు బిడ్డా. నేను చూడకముందే కూలగొడ్తవా?”

అప్పటికప్పుడు కారెక్కించి కచేరీకి తీసుకొచ్చాను. ముందు మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆనాడు రానియ్యని మెట్లు ఈనాడు తనకెందుకంది. నేరుగా కిటికీ కిందికి పోయి నిలబడింది. లోపలి నేల ఎత్తు కదా, మునివేళ్ల మీద లేచి చూసినా దూలాలు తప్ప ఏమీ కనబడలేదట. అలాగే ఇంటికి పోయింది.

నాకు ఏడుపొచ్చింది. లోపల చూడాలంటుంది, మెట్లెక్కనంటుంది. గురువారం కౌన్సిల్. ఇంజనీరమ్మా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?

నీ
ఉష

* * *

ప్రియమైన ఉషా,

కిటికీనే గుమ్మం చెయ్యి.

దాని పైన ఇటుక కమాను ఉంది కదా, పై గోడ బరువంతా అదే మోసి రెండు పక్కలకూ దించుతుంది. కిటికీ కింది గోడ ఏ బరువూ మొయ్యడం లేదు, ఉత్త అడ్డుగోడ. నేలదాకా కోసేస్తే భవనానికి బీట కూడా రాదు. బయట పల్లం గనుక వాలుగా ఒక బాట కట్టించు, ముసలివాళ్లు కూడా నడిచేలా. కోసేనాడు నేనే వస్తా. తాతయ్య కూర్చున్న వైపు నుంచి మొదటి దెబ్బ నాది. కాదంటే ఊరుకోను.

నీ
ప్రసూన

* * *

ప్రియమైన ప్రసూనా,

నీ చేతి బొబ్బలు తగ్గాయా? నువ్వు బస్సెక్కాక జరిగింది రాస్తున్నాను.

వాలుబాట పూర్తయింది. సిమెంటు గీకిన గోడలు తెల్లగా ఆరుతున్నాయి. తీర్మానం వెనక్కి తీసుకున్న రోజు లొల్లి పెట్టిన కౌన్సిలర్ జంపయ్య, మెట్లుండగా పక్క గుమ్మం ఎందుకని ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. రెండూ ఒకే గదిలోకి వస్తాయి, నీకు నచ్చిన దాంట్లోంచి రమ్మన్నాను.

నిన్న సంత. నానమ్మను తీసుకొచ్చాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తనే వాలుబాట ఎక్కి, గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దూలాలు చూసింది. గోడ తడిమి చల్లగుందంది. నా కుర్చీలో కూర్చోమంటే వినలేదు. మీ తాతయ్య బల్ల ఉండే చోట నిలబడి బయటికి చూస్తోంది.

అప్పుడే మా తండా గంగక్క బుట్టతో వచ్చి, గుమ్మం తెరిచే ఉన్నా, పాత అలవాటు కొద్దీ కింద ఎండలోనే ఆగి రసీదుకు చెయ్యి చాచింది. నేను నోరు తెరిచేలోపే నానమ్మ అంది:

“గక్కడ్నే ఎందుకు నిలబడ్డవే గంగా? లోపలికి రా.”

గంగక్క వచ్చింది. బుట్ట దించి, నా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

ఎప్పటికీ నీ
ఉష