కొండదువ్వెన పుట్టుపూర్వోత్తరాలు

తాడేపల్లిగూడెం,
జూన్ 3, 2024.

వట్లూరు కాలేజీ మ్యూజియం చూసుకునే స్నేహలత గారికి,

హనుమంతరావు నమస్కరించి రాయునది. పార్సెల్లో ఒక చెక్క దువ్వెన పంపుతున్నాను. పాత పెట్టె సర్దుతుంటే చీర మడతలో దొరికింది. ఏ జాతివారి పనితనమో చెప్పగలరా? పైన చెక్కిన పక్షి మాత్రం గూడబాతే. కొల్లేటి గట్టున పుట్టినవాణ్ణి, నాకు తెలియదా? మా నాన్నగారు గూడబాతులు వాలిన దిక్కు చూసి వాన చెప్పేవారు. తొమ్మిదిసార్లు చెబితే రెండుసార్లు కురిసేది. మిగతా ఏడుసార్లూ పక్షుల్ని తిట్టేవారు.

ఇట్లు,
హనుమంతరావు

తా.క.: తొందరేమీ లేదండి. నాకు డెబ్బయ్యారేళ్లు, అంతే.

వట్లూరు,
జూన్ 8.

గౌరవనీయులు హనుమంతరావు గారికి,

నమస్కారాలు. దువ్వెన అందిందండి. అది గూడబాతు కాదు, నెమలి. అంచున గీతల వరస చూస్తే బస్తరు అడవుల పనితనంలా ఉంది. అక్కడ కొన్ని తెగల్లో కుర్రవాడు తన చేత్తో దువ్వెన చెక్కి, మనసైన పిల్లకిస్తాడు. ఇష్టమైతేనే ఆ పిల్ల ఉంచుకుంటుంది. దీన్ని ఎన్నో ఏళ్లు ప్రాణంగా దాచుకున్నట్టున్నారు, ఒక్క పన్నూ విరగలేదు. ఎవరో గాని అదృష్టవంతురాలు!

భవదీయురాలు,
స్నేహలత

తా.క.: ఆవిడెవరో తెలిస్తే రాయండి. అద్దాల బీరువాలో పేరు రాసి పెడతాం.

తాడేపల్లిగూడెం,
జూన్ 11.

స్నేహలత గారికి,

ఆవిడ పేరు వెంకటసుబ్బలక్ష్మి. నా భార్య. పోయిన కార్తికంలో కాలం చేసింది. దువ్వెన దొరికింది మా పెళ్లి చీరలో. పెళ్లికి ముందు ఆవిడ రెండేళ్లు బుట్టాయిగూడెం అవతల ఒక కొండ ఊళ్లో పంతులమ్మగా చేసింది. ఆ రెండేళ్ల గురించి నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. చెప్పాలనుకున్నా, నలభై తొమ్మిదేళ్లూ నేనే మాట్లాడుతుంటే ఆవిడకి సందెక్కడిది? నేను ఏలూరులో కొనిచ్చిన దువ్వెనలన్నీ వంటింటి గూట్లో పడుండేవి. మీ ఉత్తరం అందినప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. ఆ ఊరు వెళ్లి కనుక్కుంటాను. దువ్వెన పంపించెయ్యండి.

హనుమంతరావు

తా.క.: నెమలి అయితే అయింది. నాకిప్పుడు పక్షి గొడవ లేదు.

వట్లూరు,
జూన్ 14.

బాబాయ్ గారికి,

క్షమించండి. దువ్వెన చూశానే గాని, దాని వెనక మీరున్నారని చూడలేదు. చెక్కడాన్నిబట్టి తెగ చెప్పగలం గాని, మనుషుల మనసులు చెప్పలేమండి. దువ్వెన పంపుతున్నాను. దయచేసి వెళ్లకండి, ఎండలింకా తగ్గలేదు.

స్నేహలత

తా.క.: మా ప్రిన్సిపాల్‌గారు మీ ఉత్తరం చదివి, వాళ్లావిడకి ఫోన్ చేసి, పుట్టింటి సామాన్లలో దువ్వెనలేమైనా ఉన్నాయా అని అడిగారు.

తాడేపల్లిగూడెం,
జూన్ 22.

అమ్మాయ్ స్నేహలతా,

వెళ్లానమ్మా. బస్సులో పక్కనావిడ పనసకాయ నా ఒళ్లో పెట్టి, మూడు ఊళ్లు దాటినా తియ్యలేదు. మనసులో బరువుకి అదొక తోడు.

ఊళ్లో రామలక్ష్మి అని అరవయ్యేళ్లావిడ దువ్వెన చూస్తూనే, "అయ్యో, మా నాన్న చెక్కిందే!" అంది. ఆయన బస్తరు వైపు నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడట. నువ్వు చెప్పింది నిజమే.

"మా ఆవిడకి ఎందుకిచ్చాడమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "బళ్లో అందరికీ పేలేనండి. టీచరమ్మ పాఠానికి ముందు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి దువ్వేది. ఒకటి అరిగితే మా నాన్న ఇంకోటి చెక్కేవాడు. ఇది ఆవిడ పెళ్లికెళ్లిపోతుంటే మా అమ్మ చెక్కించి ఇచ్చింది. 'పెళ్లికొడుకు తల ఎలాంటిదో ఏమో, దగ్గరుంచుకోమ్మా' అని."

అంటే అది నా కోసం చెక్కిందన్నమాట!

ఈలోగా నలుగురు చేరారు. అందరూ ఆ బడి పిల్లలే, అందరివీ నెరిసిన తలలే. ఒకాయన నా ముందు చతికిలబడి, "ఓసారి దువ్వండయ్యా," అన్నాడు. దువ్వాను. వెనక వరస కట్టారు.

మీ బాబాయ్,
హనుమంతరావు

తా.క.: పెళ్లయిన కొత్తలో ఆవిడ ప్రతి ఆదివారం నా తల ఒళ్లో పెట్టుకుని, పాయ పాయ తీసి చూసేది. అనురాగం అనుకున్నాను. సంగతి తెలిశాక కూడా అదే అనుకుంటున్నాను.