ఎల్‌ఎల్‌ఎం ఫారంలో మిగిలిన గడి

కృష్ణగిరి, 14 జూలై 2001, శనివారం

ఎల్‌ఎల్‌ఎం కరస్పాండెన్స్ ఫారం సోమవారం పోస్టులో పడాలి. అన్నీ నింపాను, ప్రాపర్టీ చట్టమా రాజ్యాంగ చట్టమా అన్న సబ్జెక్టు గడి తప్ప. సాయంత్రం కోర్టు బార్ రూములో నా జూనియర్ మునిరత్నం దాన్ని చూసి నవ్వాడు.

"ప్రాపర్టీ అని రాసేయండి సార్. ఇన్నేండ్లుగా అన్నదమ్ముల మామిడితోపులు పంచినారు, చదవకనే పాసయితారు. ఈ వయసులో మీకు రాజ్యాంగం దేనికి?"

"పాసయ్యేదానికి కాదప్పా," అన్నాను.

పాతికేళ్ల వయసులో నన్ను ఈ చదువు చదవనీయకుండా ఆపింది మా సీనియర్. అది పాఠాలు చెప్పుకునేవాళ్లకు, కోర్టులో నిలబడేవాళ్లకు కాదన్నాడు. తర్వాత కుందారపల్లి రైతుల భూములు రోడ్డుకు పోయినప్పుడు, రాజ్యాంగం మీద వాదన మొత్తం నేనే రాశాను. ఆయన దాన్ని మద్రాసులో ఉన్న తన అల్లుడికిచ్చాడు. ఆ అల్లుడు ఎల్‌ఎల్‌ఎం. హైకోర్టులో వెనక బెంచీ మీద, కేసు కట్టలు ఒళ్లో పెట్టుకుని, నా వాక్యాలు అతని నోట విన్నాను. రెండు చోట్ల తడబడ్డాడు. అయినా గెలిచాడు, జడ్జి మెచ్చుకున్నాడు. చచ్చినవాడి మీద కోపం ఉంచుకోకూడదంటారు. సీనియర్ పోయి పదేళ్లయినా నాకది చేతకాలేదు.

ఇందాక ఆ గడిలో రాజ్యాంగ చట్టం అని రాశాను. అరవై మూడేళ్ల వాడికి అలాంటి కేసు ఇక ఎవరూ ఇవ్వరు. పరీక్ష పేపరు మీద పేరు కూడా ఉండదు, నంబరే. అయినా ఆ వాదన మళ్లీ మొదటినుంచి రాసి, ఈసారి నా చేత్తో నేనే అందించాలని ఉంది.