జానెడు లేని చేపలు

ఎచ్చెర్ల,
జూలై 9, 2017

దానయ్య మావకి మేనకోడలు రాస్తున్నది.

ఈ ఉత్తరం కామేసు బావ చేత చదివించుకోవద్దు. పోస్టుమేన్‌ని చదివి పెట్టమను. బావకి తర్వాత నువ్వే చెబుదువుగాని.

జానెడు లేని కానాగంత చేపల్ని ప్రాణంతో ఉండగానే సముద్రంలో వదిలేయమని మూడేళ్ల కిందట చెప్పింది నేనే. యూనివర్సిటీలో చేపల చదువు చదివే పిల్ల చెప్పిందని నమ్మావు. "ఒగ్గేయండ్రా, పిల్లలివి, పై ఏడుకి ఎదుగుతాయి" అంటూ ఊరంతా నవ్వుతున్నా వదిలావు. వదలొద్దని గొడవపడి కన్నకొడుకు, కామేసు బావే, నీ పడవ దిగి వేరే పడవెక్కాడు.

మొన్న నువ్వు పంపిన గంపెడు చేపల్నీ కోసి చూశాను. ఆడవాటన్నిటి కడుపులోనూ గుడ్లున్నాయి. అవి పిల్లలు కావు మావా, తల్లులు. నీళ్లు వేడెక్కడంతో, తిన్నదంతా ప్రాణం నిలుపుకోవడానికే ఖర్చయిపోతోంది. మిగిలిన కాస్తా గుడ్లకి పోతోంది. ఇక ఒళ్లు ఎదిగేది దేనితో?

కానాగంతల్ని తిని బతికే వంజరం చేపలెందుకు చిక్కిపోయాయని కూడా అడిగావు. ఒక్క కానాగంతతో నిండే కడుపుకి ఇప్పుడు మూడు కావాలి. ఆ మూడింటినీ తరమడంలోనే తిన్నది కాస్తా అరిగిపోతోంది.

మా సారుకి చూపిస్తే కొలతలు రాసుకోమన్నారు, అంతే.

"ఏటమ్మా, ఈ ఏడైనా ఎదుగుతాయేటి?" అని నువ్వడిగితే ఫోను పెట్టేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎదగవు మావా. ఎదుగుతాయని ఇక వదలకు. బావ మాటే నెగ్గిందని చెప్పి, మళ్లీ పడవెక్కమని పిలు.

ఇద్దరూ కలిసి లాగినా, వలలో పడేవి ఇవే.

నీ మేనకోడలు