నడి ముక్క

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున పాకాల రైల్లో నీ రమ్మీ స్నేహితులు నన్ను నీ సీట్లో కూర్చోబెట్టి ముక్కలు పంచారు.

నా చేతిలో ఇస్పేటు ఆరు, ఎనిమిది ఉన్నాయి. మధ్యలో ఏడు రాకపోతే ఆట లేదు. “నడి ముక్క కోసం కూసోవద్దు పాపా. రెండు పక్కలా దోవ ఉంటేనే తెగించి ఆడాల” అనేవాడివి. ఆపరేషన్ చేసినా బతికే ఆశ కొంచెమేనని డాక్టర్ చెప్పిన రోజు కూడా ఆ మాటే అని, ఆపరేషన్ వద్దని ఇంటికి వచ్చేశావు. నేనూ సరేనన్నాను.

“డ్రాప్ చెప్పేయమ్మా. మీ నాయనైతే ఎప్పుడో పడేసుండేవాడు” అన్నాడు మునిరత్నం మామ.

నేను పడేయలేదు.

మూడోసారి తీసిన ముక్క ఇస్పేటు ఏడు, నాయనా. ఎవరికీ చూపించకుండా, డ్రాప్ అని అన్నీ బోర్లించేశాను.